చంద్రగిరి రాజమహల్, వెనక కొండ: రెండూ ఒకే ఫోటోలో రావడం లేదు

మాది తిరుపతి. చంద్రగిరి కోటలో రాజమహల్‌నీ దాని వెనక రాతికొండనీ కలిపి తీయాలని చూస్తున్నాను, కుదరడం లేదు. లెన్స్ 18-55 ఎంఎం, ఎఫ్/8 (లెన్స్ ఎంత తెరుచుకోవాలో చెప్పే అంకె), ఐఎస్‌ఓ 100 (వెలుతురుకి కెమెరా స్పందించే స్థాయి), సమయం ఉదయం పదిన్నర. మహల్‌కి సరిపోయేలా ఎక్స్‌పోజర్ (కెమెరా తీసుకునే వెలుతురు) పెడితే కొండ, ఆకాశం తెల్లగా పాలిపోతున్నాయి. కొండకి పెడితే కమానుల లోపలంతా నలుపే. కలప వాడకుండా రాయి, ఇటుక, సున్నంతో కట్టిన మహల్ అది. ఆ పనితనం కనబడకపోతే ఫోటో ఎందుకు?

పోలరైజర్ (మెరుపు తగ్గించే లెన్స్ ఫిల్టర్) పెట్టి చూశాను, ఆకాశం కాస్త మెరుగుపడింది, అంతే. వేర్వేరు ఎక్స్‌పోజర్లతో మూడు ఫోటోలు తీసి ఒకటిగా కలిపితే కొండ అంచు పొడవునా తెల్లటి గీత వస్తోంది. ట్రైపాడ్ లేదు, చేత్తోనే తీస్తున్నాను.

ట్రైపాడ్ లేకుండా కమానుల లోపలి భాగం, కొండ రాళ్లు రెండూ స్పష్టంగా రావాలంటే ఏ సెట్టింగ్స్‌తో తీయాలి?