అప్‌డేట్: సమ్మర్ మిషన్‌కు వెళ్లొచ్చాను

ఎండాకాలం సెలవుల్లో చర్చి కాలేజీ టీమ్‌తో పది రోజులు దేవరకొండ వైపు తండాలకు వెళ్లాలా, ఇంట్లో ఉండి బ్యాక్‌లాగ్ (ఫెయిలైన సబ్జెక్టు) చదువుకోవాలా అని అడిగాను కదా. వెళ్లాను. నాన్నను ఒప్పించింది అమ్మే, మీరు చెప్పిన వాదనలేవీ పనిచేయలేదు!

ముందు తండా నాయక్‌ను, అంటే తండా పెద్దను, కలవమన్నవాళ్లకు థాంక్స్. వీబీఎస్‌కు (సెలవుల్లో పిల్లలకు బైబిల్ కథలు చెప్పే క్లాసులు) వేపచెట్టు కింద చోటు చూపించింది ఆయనే. పొద్దున ఏడింటికే మొదలుపెట్టేవాళ్లం, పదకొండు దాటితే ఎండకు నిలబడలేం. నేను నేర్చుకెళ్లిన కథలన్నీ తెలుగులో. చిన్నపిల్లలకేమో ఇంట్లో మాట్లాడే గోర్ బోలీయే (లంబాడీ భాష) బాగా వచ్చు. నాలుగో తరగతి పాప పక్కన నిలబడి తిప్పి చెప్పింది. దావీదు, గొల్యాతు కథ నాకంటే తనే బాగా చెప్పింది, నిజం.

పుస్తకం తీసుకెళ్లాను, తెరిచింది రెండుసార్లు. పరీక్ష సోమవారం. టెన్షన్‌గానే ఉంది.