కర్నూలులో వదిలేసిన ల్యాబ్ (లాబ్రడార్) కుక్క, ఎవరైనా పెంచుకుంటారా?

మాది కర్నూలు, కల్లూరు సైడు. పక్కింట్లో బాడుగకున్నోళ్లు ఇల్లు ఖాళీ చేసి పోతా వాళ్ల ల్యాబ్‌ను గేటుకే కట్టేసి పోయినారు, ఫోన్ చేస్తే కొత్త ఇంటి ఓనర్ కుక్క వద్దన్నాడు మీరే ఎవరికన్నా ఇచ్చేయండి అంటున్నారు, చిన్న పిల్లగా ఉన్నప్పుడు మాత్రం రోజూ స్టేటస్‌లు పెట్టినారు లెండి. చెవుల్లో గోమార్లు గుత్తులు గుత్తులు, బెల్టు కింద మెడంతా పుండు. పెరుగన్నం పెడితే గిన్నె ఈడ్చుకుంటా నాకింది పాపం. ఇట్లా వదిలేయడం 1960 జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరమే కదా, కంప్లైంట్ ఇస్తే పోలీసులు పట్టించుకుంటారా? రేబిస్ టీకా వేసినారో లేదో తెలీదు, మళ్లీ వేయిస్తే ఏమన్నా అవుతుందా? మా అమ్మకు ఆయాసం, నేను పెట్టుకోలేను. నంద్యాల, ఆదోని అయినా నేనే తెచ్చిస్తా. పిల్లల్ని పెట్టించి అమ్ముకునేటోళ్లు మాత్రం అడగొద్దండి.