ఏడబ్ల్యూఎస్ అకౌంట్‌ను బయటి డాష్‌బోర్డుకు కలపాలంటే అడ్మిన్ అనుమతి ఇవ్వాల్సిందేనా?

రాత్రి_డ్యూటీ

సర్వర్లు, ఖర్చులు అన్నీ ఒకేచోట చూపించే డాష్‌బోర్డు ఒకటి మా టీమ్‌కి కొన్నారు. మా ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్) అకౌంట్‌ను దానికి కలిపే పని నా నెత్తిన పడింది. వాళ్ల పేజీలో రెండు దారులున్నాయి: యాక్సెస్ కీ (పాస్‌వర్డ్‌లాంటిది) ఇవ్వడం, లేదా ఐఏఎం (అనుమతులు చూసుకునే విభాగం)లో రోల్, అంటే బయటివాళ్లు తాత్కాలికంగా వాడుకునే అనుమతుల కట్ట, తయారుచేసి దాని ఏఆర్ఎన్ (చిరునామాలాంటి పూర్తి పేరు) ఇవ్వడం. నేను రోల్ చేశాను. ఈసీ2 (సర్వర్లు), ఆర్‌డీఎస్ (డేటాబేస్‌లు) వివరాలు చూసే అనుమతులు మాత్రమే పెట్టాను. తీరా ‘టెస్ట్ కనెక్షన్’ నొక్కితే ‘ఈ రోల్‌ను అస్యూమ్ చేయలేకపోతున్నాం’ అని, అంటే రోల్‌లోకి రాలేకపోతున్నామని, ఎర్ర అక్షరాలు.

సపోర్టు చాట్‌లో అడిగితే, ‘అడ్మినిస్ట్రేటర్ యాక్సెస్ తగిలించి చూడండి, లేదంటే యాక్సెస్ కీ ఇచ్చేయండి, రెండు నిమిషాల పని’ అంటున్నారు. ఇది ప్రొడక్షన్ (అసలు కస్టమర్ల పని నడిచే) అకౌంట్ అండీ, టెన్షన్‌గా ఉంది. ఇవ్వొచ్చా?

పాత_కాపు

ఇవ్వకండి. ఇవ్వకూడదన్నది ఒక సంగతి, ఇచ్చినా ఈ ఎర్రర్ పోదన్నది ఇంకో సంగతి.

రోల్‌కి రెండు రకాల పాలసీలుంటాయి. లోపలికి ఎవరు రావచ్చో చెప్పేది ట్రస్ట్ పాలసీ. వచ్చాక ఏం చేయొచ్చో చెప్పేది పర్మిషన్ పాలసీ. మీ ఎర్రర్ అస్యూమ్ దగ్గరే ఆగిందంటే వాళ్లింకా లోపలికే రాలేదు. ఇప్పుడు పర్మిషన్లు పెంచడం కంటికి దెబ్బ తగిలితే కాలికి కట్టు కట్టడమే.

ట్రస్ట్ పాలసీ తెరవండి. ప్రిన్సిపల్ (ఎవరిని రానివ్వాలో రాసే చోటు) దగ్గర 12 అంకెల అకౌంట్ నంబరు ఉండాలి, అదీ మీది కాదు, వాళ్లది. ఆ కింద కండిషన్‌లో ఉన్న ఎక్స్‌టర్నల్ ఐడీ (డాష్‌బోర్డు వాళ్లు మీకిచ్చే గుర్తింపు కోడ్), వాళ్ల పేజీలో ఇప్పుడు కనిపిస్తున్న ఐడీ పొల్లుపోకుండా ఒకటే కావాలి. కాపీ చేసేటప్పుడు చివర ఒక స్పేస్ అంటుకున్నా చాలు, లోపలికి రానివ్వదు.

కండిషన్ తీసేస్తే కనెక్ట్ అయిపోతుందని ఎవరో ఒకరు చెబుతారు. అవుతుంది కూడా. కానీ ఆ డాష్‌బోర్డుకు మీలాంటి కస్టమర్లు ఎందరో ఉంటారు, అందరి రోల్స్‌లోకీ వాళ్లు ఒకే అకౌంట్ నుంచి వస్తారు. ఇంకో కస్టమర్ ఎవరో మీ రోల్ ఏఆర్ఎన్ సంపాదించి తన సెటప్ పేజీలో పెట్టాడనుకోండి (ఏఆర్ఎన్ ఏమంత రహస్యం కాదు). డాష్‌బోర్డు అమాయకంగా మీ అకౌంట్లోకి వచ్చి, మీ సర్వర్ల జాబితా తీసుకెళ్లి అతనికి చూపిస్తుంది. సెక్యూరిటీ వాళ్లు దీన్నే ‘కన్‌ఫ్యూజ్డ్ డెప్యూటీ’ అంటారు. ఐడీ కస్టమర్‌కి ఒకటి చొప్పున ఉంటే అతని ఐడీతో మీ రోల్ తెరుచుకోదు. అందుకే అది వాళ్లే ఇవ్వాలి. మీకు నచ్చింది టైప్ చేసుకోండి అనే డాష్‌బోర్డయితే నేను అక్కడే లేచి వచ్చేస్తాను.

ఇక యాక్సెస్ కీ. మీరు ఆపేదాకా అది పనిచేస్తూనే ఉంటుంది, అన్నాళ్లూ వాళ్ల డేటాబేస్‌లో ఉంటుంది. వాళ్ల దగ్గర లీకయితే మీ అకౌంట్ గల్లంతే. రోల్ అయితే వాళ్లకు అందేవి తాత్కాలిక కీలు, మామూలుగా గంటకు చెల్లిపోతాయి.

రాత్రి_డ్యూటీ

దొరికిందండీ! వాళ్ల పేజీ రిఫ్రెష్ చేసినప్పుడల్లా కొత్త ఎక్స్‌టర్నల్ ఐడీ పుట్టిస్తోంది. పాలసీలో ఉన్నది అంతకుముందుది. పేజీని కదపకుండా ఉంచి, ఐడీ మార్చి టెస్ట్ నొక్కితే ఆకుపచ్చ టిక్ వచ్చింది, ఈసీ2 జాబితా కూడా. ఖర్చుల ట్యాబ్ మాత్రం ఖాళీ. రీడ్‌ఓన్లీయాక్సెస్ పాలసీ తగిలిస్తే సరిపోతుందా? చదవడమే కదా.

బిల్లు_కాపలా

ఆ ‘చదవడమే కదా’ దగ్గరే చిక్కు. రీడ్‌ఓన్లీయాక్సెస్‌లో ఎస్3 (ఫైళ్లు దాచే సర్వీసు)లోని ఫైళ్ల లోపలి విషయం చదివే అనుమతి కూడా ఉంది. డాష్‌బోర్డుకు మీ బకెట్ల (ఎస్3లో ఫైళ్లుండే అరల) పేర్లు చాలు, కస్టమర్ల ఇన్వాయిస్‌లు ఎందుకు? జాబితాల వరకే కావాలంటే వ్యూఓన్లీయాక్సెస్ అని వేరే పాలసీ ఉంది.

ఖర్చుల కోసం మీ పాలసీలో కాస్ట్ ఎక్స్‌ప్లోరర్ (ఏడబ్ల్యూఎస్ ఖర్చుల లెక్క చూపేది) అనుమతి ఒక్కటి కలపండి. అకౌంట్లో దాన్ని ఇంతవరకూ ఆన్ చేయకపోతే, చేశాక లెక్కలు కనిపించడానికి ఒక రోజు పడుతుంది. ఇంకోటి, దీన్ని ఎవరూ చెప్పరు: కాస్ట్ ఎక్స్‌ప్లోరర్ ఏపీఐకి (ప్రోగ్రాములు లెక్కలు అడిగే దారికి) ఒక్కో రిక్వెస్టుకు 0.01 డాలర్ పడుతుంది, అదీ మీ బిల్లులోనే. డాష్‌బోర్డు 5 నిమిషాలకోసారి అడిగిందంటే రోజుకు 288 రిక్వెస్టులు, 2.88 డాలర్లు. ఖర్చు తగ్గించుకుందామని కొన్నదే ఖర్చు పెడుతుంది! వాళ్ల సెట్టింగ్స్‌లో ఆ విరామాన్ని రోజుకోసారికి మార్చండి. ఖర్చుల లెక్క ఎలాగూ నిమిషనిమిషానికీ మారేది కాదు.

పాత_కాపు

బిల్లు సంగతి బాగా చెప్పారు. ఒకటి రెండు కలుపుతాను. ఏదైనా రీజియన్ (ఏడబ్ల్యూఎస్ సర్వర్లుండే ప్రాంతం) ఖాళీగా కనిపిస్తే రోల్‌ను తిట్టకండి. ఆర్గనైజేషన్ స్థాయిలో ఎస్‌సీపీ (అకౌంట్లకు పైనుంచి పెట్టే హద్దు) పెట్టి ఆ రీజియన్‌ను మూసేసి ఉండొచ్చు. పైన డినై (నిషేధం) ఉంటే కింద ఎన్ని అలౌలు (అనుమతులు) రాసినా చెల్లవు.

వాళ్లు నిజంగా ఏం అడుగుతున్నారో క్లౌడ్‌ట్రయల్ (అకౌంట్లో ఎవరేం చేశారో రాసిపెట్టేది) ఈవెంట్ హిస్టరీలో చూడండి, 90 రోజులవి ఉంటాయి. అస్యూమ్‌రోల్ అని వెతికితే ఎప్పుడెప్పుడు వచ్చారో తెలుస్తుంది. ఇక రేపెప్పుడైనా ఈ డాష్‌బోర్డు మానేస్తే, వాళ్ల పేజీలో ‘డిస్‌కనెక్ట్’ నొక్కి ఊరుకోకండి. దానితో మీ అకౌంట్లోని రోల్ పోదు. మీ ఐఏఎంలోకి వెళ్లి మీరే డిలీట్ చేయాలి.