అంతర్జాతీయ సంబంధాల్లో పీజీ: మన కోనసీమ పిల్లలకు పనికొస్తుందా?

అమలాపురం అక్క: మా చెల్లి బీఏ అయింది. అంతర్జాతీయ సంబంధాలు, భద్రత మీద ఎంఏ చేస్తానంటోంది. సెంట్రల్ యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష సీయూఈటీ రాసి ఢిల్లీ జేఎన్‌యూ యూనివర్సిటీలో చేరాలని ఆశ. ఇంట్లో బీఈడీ చేయమంటున్నారు. ఏం చేయమంటారు?

చెరువుగట్టు: బీఈడీయే మంచిదమ్మా. యుద్ధాల గురించి చదివితే ఇక్కడ ఉద్యోగం ఎవరిస్తారు? మా రొయ్యకి ధర కట్టేది కొనే కంపెనీ. అందులో ఆ చదువుకి పనేముంది?

రాజోలు కుర్రాడు: ఆ కంపెనీ ధర ఎందుకు తగ్గించిందండి? 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచింది. 2023 చివర్లో యెమెన్ తిరుగుబాటుదారులు హౌతీలు ఎర్ర సముద్రంలో ఓడల మీద దాడులు మొదలెట్టాక కంటైనర్లు ఆఫ్రికా చుట్టూ తిరిగి వెళ్ళాయి, కిరాయిలు పెరిగాయి. ఇదంతా ఆ చదువులోదే.

చెరువుగట్టు: సుంకం వంక మాత్రమే. అప్పట్లో నా సరుకు ఇంకా ఐసులో ఉండగానే ధరలో కోత పెట్టారు. కొనేవాళ్ళంతా ఒక్కమాట మీద ఉన్నారు. మేత రేటు మాత్రం రూపాయి తగ్గలేదు. దీనికి ఎంఏ ఏం చేస్తుంది?

భీమవరం: మేత సంగతి వేరే థ్రెడ్‌లో పెట్టుకోండి.

నరసాపురం లక్ష్మి: మా పిన్నిని ఏజెంటు విజిట్ వీసా మీద కువైట్ పంపాడు. పాస్‌పోర్టు యజమాని లాక్కున్నాడు. పది పాసవని ఆడవాళ్ళు అక్కడ ఇంటిపనికి వెళ్ళాలంటే ముప్పై ఏళ్ళు నిండాలని, విదేశీ పనికి ప్రభుత్వమిచ్చే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ ఉండాలని మా వీధిలో ఒక్కరికీ తెలీదు. ఎంబసీకి ఏం రాయాలో చెప్పే మనిషి దొరకలేదు.

చెరువుగట్టు: అది గ్రామ సచివాలయంలో చెప్పాల్సిన విషయం తల్లీ. దానికి ఢిల్లీ ఎందుకు?

నరసాపురం లక్ష్మి: చెప్పలేదండి. అదే నా బాధ.

రాజోలు కుర్రాడు: ఉద్యోగం గ్యారంటీ అని నేననను. సివిల్స్‌లో పొలిటికల్ సైన్స్‌తో కలిపి ఇది 500 మార్కుల ఆప్షనల్, జనరల్ స్టడీస్ రెండో పేపర్లోనూ వస్తుంది. కాలేజీలో పాఠాలు చెప్పడానికి పెట్టే అర్హత పరీక్ష నెట్ పాసైతే లెక్చరర్ కావచ్చు. అయినా మీకెందుకండి ఇంత కోపం? మీ పిల్లల్ని చదివించలేదా?

చెరువుగట్టు: నా ఇంటి మాట ఎత్తకు. చదివించాను. పెద్దాడు పీజీకని వెళ్ళి సంక్రాంతికి రావడం కూడా మానేశాడు. చూసుకునే దిక్కులేక చెరువు లీజుకిచ్చేశాను. సబ్జెక్టు ఏదైనా ఒకటే, వెళ్ళినవాళ్ళు వెనక్కి రారు. పంపమని చెప్పడం తేలికే. ఆ ఇంట్లో అమ్మానాన్నల్ని ఎవరు చూస్తారు?

రాజోలు కుర్రాడు: ఇంజినీరింగ్ చదివి అమెరికా పోయిన కుర్రాళ్ళకి ఊళ్ళో ఫ్లెక్సీలు కడుతున్నాం. వాళ్ళ అమ్మానాన్నల సంగతి ఎవరూ అడగలేదు. ఆడపిల్ల ఢిల్లీ అనగానే గుర్తొచ్చిందా?

అమలాపురం అక్క: ఆయన్ని అనకండి. మా నాన్న భయం కూడా అదే, పైకి ఉద్యోగం మాట చెబుతున్నారు. బాబాయ్ గారూ, అమ్మానాన్నల్ని నేను చూసుకుంటాను.

చెరువుగట్టు: నీకు పెళ్ళయ్యాక?

అమలాపురం అక్క: అయిందండి. అమ్మావాళ్ళ వీధిలోనే ఉంటున్నాం. సీయూఈటీ పాత పేపర్లు ఎవరి దగ్గరైనా ఉంటే పెట్టండి.