అప్‌డేట్: గేర్లు మారుతున్నాయి, సోలనాయిడ్ మార్చాల్సిన పని పడలేదు

కారు మూడో గేరులోనే ఇరుక్కుపోతోందని, స్కానర్‌లో పీ0753 అనే లోపం కోడ్ వస్తోందని ఇక్కడ ఇంతకుముందు అడిగాను కదా. గేర్‌బాక్స్ దించాల్సిందేనని గ్యారేజీలో చెప్పేసరికి చాలా టెన్షన్ పడ్డాను. అది షిఫ్ట్ సోలనాయిడ్ ‘ఎ’ (గేర్లు మారడానికి కరెంటుతో పనిచేసే వాల్వ్) కరెంటు సర్క్యూట్‌కి సంబంధించిన కోడ్ అని, ముందు దాని కాయిల్ రెసిస్టెన్స్ చూడమని మీరు చెప్పిన మాటే నిలబడింది.

గేర్‌బాక్స్ కనెక్టర్ దగ్గర మల్టీమీటర్ పెడితే 13 ఓమ్‌లు. మాన్యువల్ ప్రకారం 11 నుంచి 15 ఉండాలి, అంటే కాయిల్ బాగుంది. అదే గేర్లను నడిపే కారు కంప్యూటర్ వైపు ప్లగ్ నుంచి కొలుస్తూ వైరు కదిపితే రీడింగ్ మాయం! బ్యాటరీ ట్రే కింద వైరు ఒరుసుకుని, లోపలి రాగి పచ్చగా చిలుము పట్టి, రెండు మూడు పోగుల మీద వేలాడుతోంది. ఆ ముక్క కోసేసి, కొత్త వైరు సోల్డర్ చేసి, స్లీవ్ వేయించాను. కోడ్ మళ్లీ రాలేదు. మీ అందరికీ చాలా థ్యాంక్స్ అండీ.