యాంటీరియర్, వెంట్రల్ ఒకటేనా? పాదం దగ్గర లెక్క తప్పుతోంది

ప్రశ్న:
అనాటమీలో శరీరం ముందువైపును యాంటీరియర్ అన్నా వెంట్రల్ అన్నా ఒకటే, వెనకవైపును పోస్టీరియర్ అన్నా డోర్సల్ అన్నా ఒకటే అని చదివాను. చేతి వరకు సరిపోయింది. మరి పాదం పైభాగాన్ని డోర్సమ్ అంటారేమిటి? అది వెనక లేదు కదా! బోర్లా పడుకోబెట్టిన శవంలో వైపులు ఎలా చెప్పాలి?

జవాబు 1:
శవం ఎలా పడుకున్నా పేర్లు మారవండీ. నిటారుగా నిలబడి, అరచేతులు, కాలివేళ్లు ముందుకు పెట్టిన మనిషిని ఊహించుకుని చెప్పాలి. బోర్లా ఉన్నా రొమ్ము ఎముక యాంటీరియరే. ఎక్కువమంది తప్పేది ముంజేతి దగ్గర. అరచెయ్యి బల్లకు ఆని ఉంటే, ముంజేతిలో పైకి కనబడే వైపును యాంటీరియర్ అనేస్తారు. అది పోస్టీరియర్.

విడి తుంటి ఎముక చేతికిచ్చినా ఇదే తంటా. యాంటీరియర్ సుపీరియర్ ఇలియాక్ స్పైన్ (తుంటి ముందు చేతికి తగిలే ఎముక మొన), ప్యూబిక్ సింఫిసిస్ (ముందువైపు రెండు తుంటి ఎముకలూ కలిసే చోటు) పైఅంచు ఒకే నిలువు తలంలోకి వచ్చేలా, ఎసిటాబులమ్ (తొడ ఎముక తల కూర్చునే గుంట) బయటికి చూసేలా పట్టుకోండి.

జవాబు 2:
వెంట్రల్ అంటే ముందు అన్న సూత్రం మొండేనికే పనికొస్తుంది. పిండదశలో చేతులు బయటికి, కాళ్లు లోపలికి సుమారు 90 డిగ్రీలు తిరుగుతాయి. మోచెయ్యి వెనక్కీ మోకాలు ముందుకీ ఉండేది అందుకే. మొదట డోర్సల్ వైపున్న ఎక్స్‌టెన్సర్ (కీలును చాచే) కండరాలు తొడలో ముందుకొచ్చేశాయి. రుజువు నరంలోనే ఉంది: ఫిమొరల్ నరం వెళ్లేది తొడ ముందు కండరాలకు, పుట్టేది మాత్రం లంబార్ ప్లెక్సస్ (నడుములోని నరాల అల్లిక) పోస్టీరియర్ డివిజన్ల నుంచి, అంటే వెనక పాయల నుంచి. పాదం డోర్సమ్ కూడా ఆ ఎక్స్‌టెన్సర్ వైపే. కాలి ముందుభాగంలో దిగే యాంటీరియర్ టిబియల్ ధమని చీలమండ దాటగానే డోర్సాలిస్ పెడిస్ అవుతుంది. ఈ ఒక్కటి గుర్తుంటే మిగతాది దారిలో పడుతుంది.

జవాబు 3:
మెదడునూ మరచిపోవద్దు. వెన్నుపాములో డోర్సల్ అంటే వెనక. మిడ్‌బ్రెయిన్ (మధ్యమెదడు) దగ్గర మెదడు, వెన్నుపాముల అక్షం వంగుతుంది కాబట్టి పెద్దమెదడులో డోర్సల్ అంటే పైన. మెదడు లోతుల్లో ఉండే థాలమస్ అనే భాగానికి హైపోథాలమస్ వెంట్రల్ అంటే ప్రధానంగా కింద అనే అర్థం. నాలుగుకాళ్ల జంతువుల్లోనైతే వెంట్రల్ నేలవైపు, తలవైపు క్రేనియల్.

ప్రశ్న అడిగినవారు:
మరి పరీక్షలో ఏది రాయమంటారు?

జవాబు 1:
మొండెం, భుజం నుంచి మణికట్టు దాకా, తొడ, మోకాలి కింది కాలు: యాంటీరియర్, పోస్టీరియర్. మణికట్టు దాటాక చేతికి పామర్ (అరచేతివైపు), డోర్సల్. పాదానికి ప్లాంటర్ (అరికాలివైపు), డోర్సల్. వెన్నుపాము నరాల వేర్లకు యాంటీరియర్-పోస్టీరియర్, వెంట్రల్-డోర్సల్ రెండు జతలూ చెల్లుతాయి, కానీ ఒకే జవాబులో కలిపి రాయకండి. బొమ్మలో ఒక వేరుకు వెంట్రల్ అని, రెండోదానికి పోస్టీరియర్ అని పెడితే దిద్దేవారికి చిరాకు.