అడవి పటం ఎంత నిజమో ఏ పరీక్షతో తేల్చాలి?

అటవీ గణకుడు (చర్చ ప్రారంభం)

ఉపగ్రహ చిత్రాల ఆధారంగా గీస్తున్న పర్యావరణ పటాలలో చాలావాటికి, వాటికి లేని కచ్చితత్వాన్ని మనం అంటగడుతున్నామని నా వాదన. 2020లో ప్లోటన్, ఆయన సహ పరిశోధకులు నేచర్ కమ్యూనికేషన్స్ పత్రికలో ప్రచురించిన వ్యాసం ఇందుకు ఆధారం. మధ్య ఆఫ్రికా అడవులలో 1.18 కోట్ల చెట్ల కొలతలకు ఉపగ్రహ, పర్యావరణ వివరాలను జోడించి, నేలపైనున్న చెట్ల ఎండు బరువు, అంటే బయోమాస్‌ను అంచనా వేసే రాండమ్ ఫారెస్ట్ (అనేక నిర్ణయ వృక్షాల జవాబులను కలిపి అంచనా వేసే యంత్రాభ్యాస పద్ధతి) మోడల్‌ను వారు తయారుచేశారు. పరీక్షకు స్థలాలను చీటీలు తీసినట్టు ఎంచుకుంటే, బయోమాస్ హెచ్చుతగ్గులలో సగానికి పైగా మోడల్ పట్టుకున్నట్టు కనిపించింది. మోడల్‌కు నేర్పిన స్థలాలకు దూరంగా ఉన్నవాటిపై పరీక్షిస్తే, ఆ శక్తి దాదాపు సున్నాకు పడిపోయింది.

బయోమాస్‌ను ఒక యాదృచ్ఛిక క్షేత్రంగా (చోటుచోటుకూ యాదృచ్ఛికంగా మారే పరిమాణంగా) భావిస్తే, దగ్గరి చోట్ల విలువలు కలిసి పెరుగుతాయి, కలిసి తగ్గుతాయి; ఎంత దూరం వరకు ఈ పొంతన నిలుస్తుందో వేరియోగ్రామ్ చెబుతుంది. ఆ పొంతన పదుల కిలోమీటర్లు సాగే అడవిలో, నేర్పిన స్థలానికి 2 కిలోమీటర్ల దూరంలోని స్థలాన్ని దాచిపెట్టి పరీక్షించడమంటే జవాబు చూపించి ప్రశ్న అడగడమే. వాన గురించి, నేల గురించి ఏమీ నేర్చుకోకపోయినా, మోడల్ పొరుగును గుర్తుపట్టి నెగ్గుకొస్తుంది. కాబట్టి కొన్ని స్థలాలను దాచి మిగిలినవాటితో నేర్పి పరీక్షించే క్రాస్ వాలిడేషన్‌లో, స్థలాలను దూరదూరంగా విడదీసే ప్రాదేశిక క్రాస్ వాలిడేషన్‌నే తప్పనిసరి చేయాలి.

మట్టి పటాల పరిశోధకుడు

మీరు చెప్పిన జబ్బు నిజమే కానీ, మందు సరైనది కాదు. 2021లో వాడూ, హ్యూవెలింక్, డి బ్రూయిన్, బ్రస్ ఎకలాజికల్ మోడలింగ్ పత్రికలో సరిగ్గా దీనినే ప్రశ్నించారు. అమెజాన్ పరీవాహక ప్రాంతపు బయోమాస్ పటాన్ని వారు సత్యంగా తీసుకుని, అందులోంచి రకరకాల పద్ధతులలో నమూనా స్థలాలను ఎంచుకున్నారు. సత్యం ముందే తెలుసు గనుక, ఏ పరీక్ష ఎంత తప్పు చెబుతోందో లెక్కించగలిగారు. స్థలాలు ప్రాంతమంతటా చక్కగా పరచుకున్నప్పుడు చీటీలు తీసినట్టు స్థలాలను దాచే మామూలు క్రాస్ వాలిడేషన్ సత్యానికి దగ్గరగా వచ్చింది, ప్రాదేశిక పద్ధతి మాత్రం పటాన్ని ఉన్నదానికన్నా చెడ్డదిగా చూపింది. స్థలాలు బాగా గుంపులుగా ఉన్నప్పుడు మామూలు పద్ధతి అతిగా మెచ్చుకుంది.

పటం కచ్చితత్వమంటే పటంలోని గడులన్నింటిలో ఉన్న తప్పుల సగటు. ప్రతి గడికీ ఎంపికయ్యే సంభావ్యత తెలిసేలా స్వతంత్రంగా నమూనా తీస్తే, ఆ సగటును ఏ పక్షపాతమూ లేకుండా అంచనా వేయవచ్చు. అక్కడ యాదృచ్ఛికత మన ఎంపికలో ఉంటుంది, అడవిలో కాదు. అందువల్ల వేరియోగ్రామ్ ఊసే అవసరం లేదు.

క్షేత్ర పరిశోధకురాలు

అండీ, అడవిలో నడిచేవారి వైపు నుంచి ఒక మాట. నల్లమలలో చీటీ పడిన గడి లోయ అవతలి గుట్టమీద ఉంటే, అక్కడికి చేరడానికే రోజు గడిచిపోతుంది. మా స్థలాలలో ఎక్కువ భాగం బండ్ల దారుల వెంటే ఉన్నాయి. మీరు చెప్పిన ఆదర్శ నమూనా మా దగ్గర లేదు. ఉన్న కొలతలతోనే పటం ఎంత నమ్మదగినదో చెప్పాలి. అప్పుడేం చేయాలి?

అటవీ గణకుడు

మట్టి పటాల పరిశోధకుడు గారి మాటలో ఒక భాగాన్ని ఒప్పుకుంటున్నాను: ‘తప్పనిసరి’ అనడం నా తొందరపాటు. మేడమ్ గారి పరిస్థితికి 2022లో మిలా, సహ పరిశోధకులు సూచించిన పద్ధతి దగ్గరగా ఉంది. అంచనా వేయబోయే గడులు తమకు అతి దగ్గరి నమూనా స్థలానికి ఎంతెంత దూరంలో ఉన్నాయో, పరీక్షలో కూడా దాదాపు అంతంత దూరాలే ఉండేలా చూడడం అందులోని కీలకం. దారి వెంట కొలిచి లోయ అవతల అంచనా వేస్తుంటే, పరీక్ష కూడా అంత దూరాన్నీ దాటాలి.

అయితే యాదృచ్ఛిక క్షేత్రాన్ని పూర్తిగా పక్కనపెట్టడానికి నేను ఒప్పుకోను. గడివారీ సగటు తప్పు తెలిసినంత మాత్రాన బయోమాస్ నుంచి లెక్కించే అడవి మొత్తం కార్బన్‌లో అనిశ్చితి తెలియదు. తప్పులు ఒకదానికొకటి సంబంధం లేనివైతే కూడికలో చాలావరకు కొట్టుకుపోతాయి; పొరుగు గడులన్నీ ఒకే వైపు తప్పితే అవి పేరుకుంటాయి. అడవి అంతటి నుంచి తీసిన స్వతంత్ర సంభావ్యతా నమూనా లేనప్పుడు, ఆ పేరుకోవడాన్ని లెక్కించడానికి తప్పుల వేరియోగ్రామ్, దాని ఆధారంగా కంప్యూటర్‌లో తప్పుల పటాలను అనేకసార్లు సృష్టించి చూసే అనుకరణలు కావాలి. కార్బన్ లెక్కలకు డబ్బు ముడిపడిన ఈ రోజులలో, కేవలం ఒక్క కచ్చితత్వపు అంకెతో పటాన్ని అప్పగించడం నాకు సమ్మతం కాదు.

మట్టి పటాల పరిశోధకుడు

మొత్తం కార్బన్ విషయంలో మీతో ఏకీభవిస్తాను. కానీ దారుల వెంట తీసిన తప్పుల నుంచి కట్టిన వేరియోగ్రామ్ లోయ అవతలి తప్పులకూ వర్తిస్తుందన్నది మళ్లీ ఒక ఊహే. మేడమ్ గారూ, అన్ని గడులకూ వెళ్లలేకపోయినా, దారికి దూరంగా ఉన్న గడులలోంచి ఒక పదింటినైనా చీటీ తీసి కొలవగలరా?